ఆలోచించమన్నది నేనే

4వ తేదీ, సోమవారం

నా బావమరిది మళ్ళీ ఇద్దరు అప్రెంటిస్‌లను నాకు అంటగట్టాడు. పోయిన జట్టుకి నేను పని నేర్పి, శబ్దం విని లిఫ్టు జబ్బు చెప్పేదాకా తెచ్చేసరికి, వాళ్ళని తీసుకెళ్ళి ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి కూర్చోబెట్టారు. ఇదేం న్యాయం అని అడిగితే, "నువ్వు నేర్పుతూ కూర్చుంటే సర్వీసు ఎవడు చేస్తాడు బావా? చెప్పింది చేస్తే చాలు వాళ్ళు" అన్నాడు. ఆఫీసులో వాడు మేనేజరు. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి బావా అన్నాడు. ఉంటే అదీ లేదు.

చెప్పింది చేస్తే చాలట. చెప్పింది చెయ్యడానికి మనిషెందుకు? ఆ పని లిఫ్టే చేస్తుంది. మూడు నొక్కితే మూడో అంతస్తుకి పోతుంది.

కొత్తవాళ్ళలో ఒకడు కుర్రాడు. ఏం చెప్పినా "అలాగే సార్" అంటాడు. స్పానరు ఇలా పట్టుకో అంటే అలాగే సార్. అలా కాదురా అంటే అలాగే సార్. రెండో మనిషి అమ్మాయి. ఏం చెప్పినా "ఎందుకండీ" అంటుంది. మధ్యాహ్నానికల్లా ఇద్దరికీ పేర్లు పడిపోయాయి. అలాగయ్య, ఎందుకమ్మ. మొహం మీదే పిలిచాను. వాడు అలాగే సార్ అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి, "మరి మీకేం పేరు పెట్టమంటారండీ?" అంది.

నోరు కాస్త ఎక్కువే. కానీ ఈ పనికి కావలసింది ఇలాంటివాళ్ళే.

6వ తేదీ, బుధవారం

పరీక్ష పెట్టాను. ఒక అపార్ట్‌మెంటు పైన, మెషిన్ రూములో ప్యానెల్ తెరిచి ఒక తీగ వదులు చేసి, "లిఫ్టు కదలడం లేదు, చూడండి" అని చెప్పి బయట నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను. అలాగయ్య కాసేపటికి వచ్చి, "ఏం చూడమంటారు సార్?" అన్నాడు. నేను ఆకాశం వైపు చూశాను. వాడు కూడా చూశాడు.

ఎందుకమ్మ కిందికి దిగి ప్రతి అంతస్తులో తలుపు నొక్కి చూసిందట. వాచ్‌మన్‌ని లిఫ్టు చివరిసారి ఎప్పుడు కదిలిందో అడిగిందట. చెమటలు కారుతూ పైకొచ్చి ప్యానెల్ ముందు గొంతుక్కూర్చుంది. కాసేపటికి పిలిచింది.

"ఇది ఊడిపోలేదండీ, ఎవరో విప్పారు. స్క్రూ మీద గీత మెరుస్తోంది. మీరేనా?"

నేనే అన్నాను. కడుపు నిండిపోయింది. ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. "ఇలాంటివాళ్ళు కావాలి. నేనున్నా లేకపోయినా సొంత బుర్రతో ఆలోచించాలి" అన్నాను. ఆవిడ మోకాలికి మందు రాసుకుంటూ, "మీరు ఎదురుగా ఉన్నప్పుడు కూడానా?" అంది.

నవ్వేశాను. ఈవిడకి నా సంగతి ఇంకా తెలియదు.

8వ తేదీ, శుక్రవారం

ఎముకల ఆసుపత్రి లిఫ్టు మళ్ళీ తిక్కగా ఉంది. నాలుగు అంతస్తులు, పాత మెషిన్. గుమ్మానికి సమంగా ఆగాల్సింది, ఒక్కోసారి రెండు వేళ్ళంత కిందికి దిగి ఆగుతోంది. చక్రాల కుర్చీ గుమ్మానికి తట్టుకుంటోంది. అంతస్తు దగ్గర ఆగమని చెప్పే స్విచ్ ఒకటుంటుంది, అది జరిగింది. సరిచేశాను.

ఎందుకమ్మ స్విచ్ కాదంది. బ్రేకు అయ్యుంటుందట.

"ఖాళీగా ఉన్నప్పుడు సమంగానే ఆగుతోందండీ. నిండా జనం ఉన్నప్పుడే దిగుతోంది. స్విచ్ తప్పయితే రెండుసార్లూ ఒకేలా తప్పాలి కదా?"

బాగా అడిగింది. ఆ మాటే చెప్పాను. బాగా అడిగావు, కానీ ఈ మెషిన్ నీకు కొత్త, నాకు పాత అన్నాను.

11వ తేదీ, సోమవారం

మళ్ళీ బ్రేకే.

12వ తేదీ, మంగళవారం

ఇవాళ వేరే బిల్డింగులో లిఫ్టు ఇనప తాళ్ళకి గ్రీజు పూస్తుంటే కూడా బ్రేకు ప్రస్తావనే. మెషిన్ గేరు పెట్టె నుంచి నూనె కారి బ్రేకు చక్రం మీదికి చేరుతోందేమో అట. మెషిన్ కింద నూనె మరక చూసిందట. పాత మెషిన్ కింద నూనె మరక ఉండక పన్నీరు ఉంటుందా? ఆ మాటే అన్నాను. అలాగయ్య నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఆలోచించడం వేరు, పట్టిన పట్టు వదలకపోవడం వేరు. ఈ తేడా కూడా నేర్పాలి వీళ్ళకి.

14వ తేదీ, గురువారం

ఎముకల ఆసుపత్రిలో నెలవారీ సర్వీసు నేనే చేశాను. బ్రేకు చూశాను. చక్రం మీద కొంచెం జిడ్డు ఉంటే గుడ్డతో తుడిచాను. బాగానే పట్టుకుంటోంది. లిఫ్టు లోపల తగిలించిన కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టాను.

ఎందుకమ్మ ఏమీ అనలేదు. తుడిచిన గుడ్డ తీసి వాసన చూసింది. అంతే. అది అనడం కంటే ఎక్కువ.

15వ తేదీ, శుక్రవారం

నా సర్వీసులో ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

మధ్యాహ్నం నేను వేరే చోట పనిలో ఉన్నాను. వీళ్ళిద్దరినీ ఎముకల ఆసుపత్రికి పంపాను, లోపల లైటు ఒకటి మార్చడానికి. లైటు మార్చడానికి మాత్రమే. ఎందుకమ్మ మెషిన్ రూము తాళం తీసి, మెయిన్ స్విచ్ దించి, దానికి తన సైకిల్ తాళం వేసి, కింద తలుపుకి "లిఫ్టు పనిచేయదు" అని బోర్డు తగిలించింది. తాళంచెవి జేబులో వేసుకుని మెట్ల మీద కూర్చుంది.

ఎముకల ఆసుపత్రి అది. కాలికి కట్టుతో ఉన్న ఒక పెద్దాయన్ని కుర్చీతో సహా నలుగురు మూడో అంతస్తుకి మోశారట. ఆయన దారంతా తిట్టాడట. డాక్టరు మా బావమరిదికి ఫోన్ చేసి తిట్టాడు. బావమరిది నాకు ఫోన్ చేసి తిట్టాడు. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి లేచి నిలబడింది. మొహంలో భయం ఉంది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

"లిఫ్టులో నడుముకి పిండి కట్టుతో ఒకావిడ, ఇద్దరు అటెండర్లు, స్ట్రెచరు. కింది అంతస్తుకి వచ్చాక జానెడు దిగిపోయిందండీ. స్ట్రెచరు వంగింది. రెండు వేళ్ళు కాదు, జానెడు."

"నన్ను అడగాలా వద్దా?"

"రెండుసార్లు ఫోన్ చేశానండీ."

నేను నిచ్చెన మీద ఉన్నాను. నిచ్చెన మీద ఉన్నవాడు ఫోన్ ఎత్తుతాడా?

"నిన్న నేను చూసి సంతకం పెట్టిన లిఫ్టు ఇది. నువ్వు ఆపావంటే, నాకు పని రాదని నలుగురికీ చాటినట్టు."

"మీ గురించి ఆలోచించలేదండీ. బ్రేకు గురించి ఆలోచించాను."

అందరి ముందూ అంది ఈ మాట. డాక్టరు, వాచ్‌మన్, మెట్ల దగ్గర గుమిగూడిన రోగులు, అందరూ విన్నారు. తాళం నేనే పట్టకారుతో కోశాను. స్విచ్ వేశాను. లిఫ్టు చక్కగా పైకి వెళ్ళి చక్కగా దిగింది. నేనే ఎక్కి చూపించాను. ఒక్కణ్ణే.

నేను ఆలోచించమన్నాను. నిర్ణయించమనలేదు.

16వ తేదీ, శనివారం

ఎందుకమ్మని పనిలోంచి తీసేశారు. నేను తీసెయ్యమని అనలేదు. ఉంచమని కూడా అనలేదు, నన్నెవరు అడిగారు?

18వ తేదీ, సోమవారం

బావమరిది పిలిచి కాగితం ముందు పెట్టాడు. గురువారం నేను చూసినప్పుడు బ్రేకు సవ్యంగా ఉందని, అప్రెంటిస్ నా అనుమతి లేకుండా లిఫ్టు ఆపిందని రాసి ఉంది. వాడు కూడా అలిసిపోయి ఉన్నాడు. పన్నెండు బిల్డింగుల నుంచి ఫిర్యాదులట, చేసే చేతులు లేవట. "నీ మంచికే బావా. లేకపోతే నీ సంతకం మీదకి వస్తుంది" అన్నాడు.

సంతకం పెట్టాను. అందులో అబద్ధమేమీ లేదు. గురువారం బాగానే ఉంది. అనుమతి తీసుకోలేదు కూడా.

19వ తేదీ, మంగళవారం

అందులో అబద్ధమేమీ లేదు.

మెషిన్ రూములో అలాగయ్య, నేను. వాడు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. పని త్వరగా అయిపోతోంది. బావమరిది మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తింటుంటే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు.

21వ తేదీ, గురువారం

ఈ రోజు సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మా ఆవిడ మోకాలు చూపించడానికి ఎముకల ఆసుపత్రికే వెళ్ళాం. డాక్టరు మూడో అంతస్తులో ఉంటాడు. లిఫ్టు ముందు జనం. తలుపు తెరుచుకుంది, ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఆవిడ అడుగు ముందుకు వేసింది. నేను చెయ్యి పట్టి లాగాను.

"నిండిపోయింది. మెట్లెక్కుదాం."

"తర్వాతి దాంట్లో వెళ్దాం, ఏం తొందర?"

"నెమ్మదిగా ఎక్కుదువుగాని. నేను పట్టుకుంటాను."

మొదటి అంతస్తు దాకా పెదవి కొరుక్కుంటూ ఎక్కింది. రెండో అంతస్తు మలుపులో గోడకి ఆనుకుని ఆగింది. మొహం నొప్పితో తెల్లబడింది.

"లిఫ్టు బాగుందని సంతకం పెట్టారు కదా?"

"బాగుంది."

"మరి మోకాలు నొప్పితో ఉన్నదాన్ని మెట్లెందుకు ఎక్కిస్తున్నారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పని గురించి నీకేం తెలుసు, నోరు మూసుకుని ఎక్కు అన్నాను. పైనుంచి దిగుతున్న నర్సు ఆగి మా ఇద్దరినీ చూసింది. మా ఆవిడ రెయిలింగు పట్టుకుని ఎక్కింది, నా చెయ్యి పట్టుకోలేదు. దిగేటప్పుడు కూడా మెట్లే. ఎవరూ చెప్పకుండానే మెట్ల వైపు నడిచింది.

ఇంటికొచ్చాక ఒకే ఒక మాట అంది. "మనం దిగుతుంటే ఆ లిఫ్టులో ఒక చంటిబిడ్డ తల్లి ఎక్కింది. ఆవిడ చెయ్యి మీరు పట్టి లాగలేదు."

22వ తేదీ, శుక్రవారం

ఎముకల ఆసుపత్రికి వెళ్ళాను, అలాగయ్యని తీసుకుని. డాక్టరుకి మామూలు తనిఖీ అని చెప్పాను. స్విచ్ దించి బ్రేకు విప్పాను. చక్రాన్ని రెండు పక్కలనుంచీ దవడల్లా పట్టుకునే పట్టీలుంటాయి. వాటి నిండా నూనె. వేలితో నొక్కితే ఊరుతోంది. గేరు పెట్టెలోంచి నూనె బయటికి రాకుండా ఆపే సీలు చచ్చిపోయింది. పోయిన వారం నేను తుడిచింది పైపైన. తుడిచాక ఒక రోజు బాగుంటుంది, ఇంతలో మళ్ళీ చేరుతుంది. స్ట్రెచరు సరిగ్గా ఆ మర్నాడే దిగిపోయింది.

ఆ అమ్మాయి వాసన చూసిన గుడ్డలో ఉన్నది పాత జిడ్డు కాదు, తాజా గేరు నూనె. నా ముక్కుకి తెలియదా? తెలుసు. ముక్కుని అడగకుండా ఉండాలనుకున్నాను, అంతే.

అలాగయ్య టార్చి పట్టుకుని నిలబడ్డాడు. "ఏమంటావురా? లిఫ్టు వదలొచ్చా?" అని అడిగాను.

"మీరు ఎలా అంటే అలా సార్."

"నన్ను కాదు. నీకు ఏమనిపిస్తోంది?"

"అలాగే సార్."

నాకు కోపం నషాళానికి అంటింది. "బుర్ర లేదురా నీకు? పట్టీల్లోంచి నూనె కారుతుంటే కళ్ళకి కనపడదా? సొంతంగా ఒక్క మాట అనలేవా?"

వాడు టార్చి కిందికి దించాడు. ఎప్పుడూ తల ఎత్తని కుర్రాడు నా కళ్ళలోకి చూశాడు.

"కనపడుతోంది సార్. మొదటి రోజు నుంచీ కనపడుతోంది. నేనూ ఆ అమ్మాయీ కలిసే చూశాం మరక. తను చెప్పింది, నేను చెప్పలేదు. ఇప్పుడు తను ఎక్కడుంది, నేను ఎక్కడున్నాను సార్?"

స్విచ్‌కి నా తాళం వేశాను. కింద తలుపుకి బోర్డు నేనే తగిలించాను. డాక్టరు నా మీద గొంతు చించుకున్నాడు. చించుకోనీ.

23వ తేదీ, శనివారం

పొద్దున్నే బావమరిది గదికి వెళ్ళాను. నూనె పట్టిన పట్టీ వాడి టేబుల్ మీద, టీ గ్లాసు పక్కన పెట్టాను.

"నేను పెట్టిన సంతకం తప్పు. వేరే కాగితం రాసిస్తాను. ఆ అమ్మాయి చేసింది సరైన పని అని అందులో ఉంటుంది."

వాడు పట్టీని వేలితో ముట్టుకుని వేలు తుడుచుకున్నాడు. "రిపేరు చేసెయ్ బావా, సరిపోతుంది. కాగితాలెందుకు మళ్ళీ? ఆ పిల్లని వెనక్కి తెస్తే రేపు ప్రతివాడూ తాళం వేసి మెట్ల మీద కూర్చుంటాడు."

"కూర్చోవాలి."

"నీకేం, అంటావు. ఫోన్లో తిట్లు తినేది నేను."

"లోపల ఎక్కేది నువ్వూ కాదు, నేనూ కాదు. నేను నా పెళ్ళాన్ని ఎక్కనివ్వలేదు, తెలుసా? నీ అక్కని. మోకాలు పట్టుకుని ఏడుస్తుంటే మెట్లెక్కించాను. మిగతావాళ్ళని లిఫ్టుకి వదిలేశాను."

వాడు టీ గ్లాసు పక్కకి జరిపాడు. తర్వాత, అక్కకి ఎలా ఉంది అన్నాడు. అడుగు, ఫోన్ చేసి అడుగు అన్నాను. చివరికి, తెచ్చుకో, కానీ ఇకనుంచి అప్రెంటిస్‌లకి నేర్పే బాధ్యత నీది కాదు, నువ్వు తప్పు సంతకం పెట్టినట్టు నీ ఫైల్లో రాస్తాను అన్నాడు. రాసుకో అన్నాను. అలా అన్నాను గానీ, ఇంతకాలం నేను గర్వంగా చెప్పుకున్నది ఆ నేర్పడమొక్కటే.

అక్కడినుంచి ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అక్కా బావల దగ్గర ఉంటోంది. అక్క గుమ్మంలోనే నిలబడి దారి ఇవ్వలేదు.

"మీరేనా ఆ సారు? ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా మా సారు ఇలా అన్నారు, మా సారు అలా అన్నారు అని మా బుర్ర తినేసేది. మీరు ఆలోచించమంటారనీ, అది ఆలోచించాక సంతకం పెట్టి బయటికి తోస్తారనీ మాకు తెలియదు కదండీ."

వినాల్సిన మాటే. విన్నాను. కోపం వచ్చింది, అయినా విన్నాను. ఎందుకమ్మ వెనక వరండాలో పక్కింటివాళ్ళ వాషింగ్ మెషిన్ విప్పి కూర్చుని ఉంది. లేవలేదు.

"బ్రేకు నూనెలో మునిగిపోయింది. నువ్వు చెప్పిందే. నేను రాసిచ్చింది తప్పని రాసిచ్చాను."

"ఎప్పుడు చూశారండీ?"

"నిన్న."

"అంటే ఈ వారమంతా జనం ఎక్కారు."

ఎక్కారు అన్నాను. ఆ అమ్మాయి స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"నేను రెండుసార్లు ఫోన్ చేశానండీ ఆ రోజు. మీరు ఎత్తలేదని అందరికీ చెప్పారట. మీరు కట్ చేశారు. ఎత్తకపోవడం వేరు, కట్ చెయ్యడం వేరు. నా ఫోన్లో తెలుస్తుంది కదండీ."

నిచ్చెన సంగతి నోటి దాకా వచ్చింది. బయటికి రాలేదు.

"వస్తాను" అంది స్క్రూడ్రైవరు మళ్ళీ అందుకుంటూ. "కానీ ఒకటి. నేను ఆపితే, నేను చూడకుండా మీరు మళ్ళీ వెయ్యకూడదు. మీరు ఆపితే, మీరు చూడకుండా నేను వెయ్యను."

అప్రెంటిస్ సీనియర్‌తో మాట్లాడే మాటేనా ఇది? దారంతా అదే అనుకుంటూ వచ్చాను. ఒప్పుకుని వచ్చాను.

24వ తేదీ, ఆదివారం

ఆవిడ మోకాలికి నేనే మందు రాశాను. వద్దనలేదు.

26వ తేదీ, మంగళవారం

కొత్త సీలు, కొత్త పట్టీలు వేశాం. నేను బిగించాను, అలాగయ్య సామాను అందించాడు, ఎందుకమ్మ చక్రం శుభ్రం చేసింది. నాతో కాగితం మీద వాళ్ళిద్దరికీ ఇక సంబంధం లేదు. వచ్చే నెలనుంచి వేరే సీనియర్ దగ్గర ఉంటారు. ఈ ఒక్క పనికి మాత్రం బావమరిది అడ్డు చెప్పలేదు.

సాయంత్రానికి లిఫ్టు నిండా ఇనప దిమ్మలు పేర్చి పైనుంచి కిందికి పంపాం. గుమ్మానికి సమంగా ఆగింది. మళ్ళీ పంపాం. సమంగానే ఆగింది. కింద డాక్టరు ఇంకా ఎంతసేపు అని అరుస్తున్నాడు. నేను పని అయిపోయిందని బోర్డు తియ్యడానికి కిందికి వెళ్ళబోయాను.

"నేను చూస్తానండీ" అంది ఎందుకమ్మ, స్విచ్ మళ్ళీ దించి.

మెషిన్ రూము చిన్నది, ముగ్గురు పట్టరు. నేను బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని నేను బిగించిన ప్రతి బోల్టునీ స్పానరుతో మళ్ళీ పట్టి చూసింది. స్ప్రింగులు చూసింది. తెల్ల కాగితం ఒకటి సీలు కింద పెట్టి, మెషిన్ చేత్తో తిప్పించి, నూనె చుక్క పడిందేమోనని తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని అది. ఎక్కడ నేర్చుకుందో అడగలేదు. అలాగయ్య వంగి ఆ కాగితాన్ని తను కూడా చూశాడు, ఇంకోసారి తిప్పమన్నాడు. కింద డాక్టరు అరుపులు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

ఏమీ దొరకలేదు వాళ్ళకి. నా పని నికార్సుగా ఉంది. నికార్సుగా ఉన్నప్పుడు అంతసేపు వెతకడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు రాస్తున్నా మండుతూనే ఉంది.

అయినా నిలబడ్డాను. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుని "వెయ్యండి" అన్నాక, స్విచ్ వేశాను.